మా నెత్తురు పనికొచ్చింది, మేం పనికిరాలేదు

మా నెత్తురు ల్యాబులోకి పోవడానికి ఏ ఇంటర్వ్యూ అక్కర్లేదు. మా మనుషులు పోవడానికే ఇంటర్వ్యూలు, మెరిట్ లిస్టులు, ‘నాట్ ఫౌండ్ సూటబుల్’ అనే మూడు మాటలు. 2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ అనే పత్రికలో ఒక వ్యాసం అచ్చయింది. ఎనిమిది తెలుగు కులాల నుంచి సుమారు 265 మంది మగవాళ్ళ డీఎన్ఏ పరీక్ష చేశారు. బ్రాహ్మలున్నారు, క్షత్రియులున్నారు, వైశ్యులున్నారు, కాపులు, యాదవులున్నారు, ఆఖర్న రెల్లి, మాల, మాదిగ. 2009లో ‘నేచర్’ పత్రికలో ఇంకో వ్యాసం. దేశంలో 25 సమూహాలు, 132 మంది. అందులోనూ మాల ఉంది, మాదిగ ఉంది. ఎక్కడుంది? ట్యూబుకి అంటించిన లేబులు మీద ఉంది.

నేను మాదిగదాన్ని. గుంటూరు జిల్లాదాన్ని. పాతికేళ్ళకు పైగా డీఎన్ఏ మరమ్మతు మీద పనిచేశాను. ట్యూబు మీద లేబులుగా కాదు, ట్యూబు పట్టుకున్న చేతిగా. ఆ చేతిని చూసి ఎవరెవరికి ఎక్కడెక్కడ నొప్పి పుట్టిందో చెప్పాలి. అది చెప్పాక మనవాళ్ళతో కూడా ఒక తగాదా ఉంది. అదీ పెట్టుకోవాలి.

ముందు నా పనేందో చెప్తాను. మన ఉద్యమంలో కవి అంటే తెలుసు. ప్లీడరంటే తెలుసు. కలెక్టరంటే బాగా తెలుసు. మాలిక్యులర్ బయాలజిస్టు అంటే మాత్రం “ఏందమ్మా అది, డాక్టరేనా?” అంటారు. మా అమ్మ చచ్చిపోయేదాకా అదే అడిగింది. “మందులియ్యవు, సూదులెయ్యవు, మరి అంత చదువు దేనికే?” అని.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుంది. రెండు పోగులు పేనిన తాడు. నాలుగే నాలుగు అక్షరాలు. చాలాకాలం దాన్ని రాతి మీద చెక్కిన శాసనం అనుకున్నారు. కాదన్నాడు స్వీడన్‌కు చెందిన తోమస్ లిండాల్. ఆ తాడు ఊరికే నీళ్ళల్లో ఉన్నా చెడిపోతుందనీ, ఒక్కో కణంలో రోజుకు వేల దెబ్బలు తగులుతాయనీ లెక్కగట్టి చూపించాడు. మరి మనం ఎట్టా బతికున్నాం? మరమ్మతు చేసే ఎంజైములు రాత్రనకా పగలనకా పనిచేస్తున్నాయి గనక. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు తగిలితే పక్కపక్కనున్న రెండు ‘టి’ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దాన్ని థైమీన్ డైమర్ అంటారు. అది అట్టాగే ఉంటే తాడుని చదవలేరు, నకలు తీయలేరు. అప్పుడు కొన్ని ఎంజైములొచ్చి ఆ అతుకుకి అటూ ఇటూ కోస్తాయి. మనుషుల్లోనయితే ముప్పై అక్షరాలకు కాస్త అటూ ఇటూగా ఉండే ముక్కని తీసి పారేస్తాయి. ఎదుటి పోగుని చూసి ఆ ఖాళీని పూడుస్తాయి. చెప్పు తెగితే మా తాత చేసిందీ అదే. చెడిన తోలు మేరకే కోసి, కొత్త ముక్క కొలిచి పెట్టి, ఆరెతో కుట్టేవాడు. ఎక్కువ కోస్తే చెప్పు పాడవుతుంది, తక్కువ కోస్తే మళ్ళీ తెగుతుంది. పీహెచ్‌డీలో నాకు ఐదేళ్ళు నేర్పిన సూత్రం ఇంతే.

ఈ మరమ్మతు పుట్టుకతోనే చెడితే వచ్చే జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోజమ్. ఆ పిల్లలకి ఎండే శత్రువు. చర్మమంతా మచ్చలు తేలి, చిన్న వయసులోనే చర్మం క్యాన్సర్లొస్తాయి. ఆ పిల్లల కణాలు డీఎన్ఏని బాగుచేసుకోలేవని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. నేను ఆ దోవలోనే పనిచేశాను. తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి, రెండు చెడ్డ కాపీలొస్తేనే ఆ జబ్బు. దగ్గర చుట్టరికాల్లో పెళ్ళిళ్ళు జరిగేచోట ఎక్కువగా బయటపడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

ఎండ మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. చర్మంలో మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం ఉంది. కణం లోపల, డీఎన్ఏ ఉన్న గది పైన అది గొడుగు పట్టినట్టు పేరుకుంటుంది. మా అమ్మ నలభై ఏళ్ళు పరాయి చేలల్లో నాట్లేసింది, కలుపు తీసింది, మిరపకాయలు కోసింది. ఆమెకు ఏ ఆసామీ గొడుగు పట్టలేదు. ఆమె నలుపే ఆమెకు గొడుగు పట్టింది. ఆ నలుపుని చూసే ఊళ్ళో ఎగతాళి, హాస్టల్లో ఎగతాళి, పెళ్ళిచూపుల్లో ఎగతాళి. తెల్లతోలుకి ఒక పెద్ద కారణం ఎస్.ఎల్.సి. 24 ఏ 5 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమని 2005లో చారల చేపపిల్ల మీద మొదలుపెట్టి తేల్చారు. ఒక్క అక్షరం! ఆ ఒక్క అక్షరం మీద ఈ దేశంలో ఎన్ని కట్నాలు పెరిగాయో, ఎన్ని క్రీములు అమ్ముడుపోయాయో లెక్క తీసేవాడు లేడు.

ఇహ ల్యాబు సంగతి. నేను పరిశోధనకి చేరిన సంస్థ పేరు రాయను. పేరు రాస్తే అదొక్కటే పాపాత్మురాలైనట్టు, మిగతావన్నీ పుణ్యక్షేత్రాలైనట్టు అవుతుంది. 1990ల మొదట్లో చేరాను. 1991 ఆగస్టు 6న మా జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలోకి తోసిన కాలం అది. అంతకు ఏడాది ముందే మండల్ కమిషన్ మీద గొడవ. ఢిల్లీలో 1990లోనూ మళ్ళీ 2006లోనూ రిజర్వేషన్లకి వ్యతిరేకంగా పెద్ద చదువుల పిల్లలు రోడ్ల మీద కూర్చుని బూట్లు పాలిష్ చేశారు, చీపుళ్ళు పట్టి రోడ్లూడ్చారు. అది వాళ్ళకి నిరసన. మా తాతకి బతుకు. మా తాత ఎనభయ్యేళ్ళు నిరసన తెలిపాడన్నమాట! ఒక్క పేపరోడూ ఫోటో తీయలేదే?

మా ల్యాబులో ఒక గది ఉంది. మనిషి కణాలని సీసాల్లో పెంచే గది. దానికి పేరు ‘కల్చర్ రూము’. నేను చేరిన రెండో నెల్లో మా ఇంటినుంచి తెచ్చుకున్న పెద్దమాంసం ఎండుతునకలు మధ్యాహ్నం బాక్సులో కనపడ్డాయి. మర్నాడు కల్చర్ రూము తలుపు మీద కాగితం అంటించారు. మాంసాహారం తిన్నవాళ్ళు ఆ రోజు లోపలికి రాకూడదట, కణాలకి కాలుష్యం అంటుకుంటుందట. ఆ కాగితం రాసినాయన రోజూ ఆ గదిలో కణాలకి ఏం పోసి పెంచుతున్నాడో చెప్పనా? ఫీటల్ బొవైన్ సీరమ్. తెలుగులో చెప్పుకుందాం: కడుపుతో ఉన్న ఆవుని కోసినప్పుడు, దాని పొట్టలోని దూడ గుండెలోంచి తోడిన నెత్తురులోని తేట. పదోవంతు అది కలపందే మా కణాలు బతకవు. ఫారిన్ నుంచి ఐస్‌లో వస్తుంది. చానా ఖరీదు. ఎంజైములు చెడకుండా కలిపేది ఆవు ఆల్బుమిన్. రసాల్లో కలిపే డీఎన్ఏ దూడ థైమస్ గ్రంథిలోంచి తీసింది. ఆర్ఎన్ఏని కరిగించే ఎంజైము ఎద్దు క్లోమంలోది. ఇంకో ఎంజైము పేరులోనే ఉంది, దూడపేగు ఫాస్ఫటేజు. ఆ ఫ్రీజరులో ఉన్నంత పెద్దమాంసం మా పేటలో పండగనాడు కూడా నేను చూళ్ళేదు.

ఆ మాట ఆయన ఎదుటే అన్నాను. “అది సైన్సమ్మా” అన్నాడు. మా తాత లందలో సున్నపు నీళ్ళు పోసి తోలు మీద వెంట్రుకలూడగొట్టి, తంగేడు చెక్క రసంలో ఊనేవాడు. తంగేడు చెక్కలోని టానిన్లు తోలులోని కొలాజెన్ పోగులని బిగించి కుళ్ళకుండా చేస్తాయని బయోకెమిస్ట్రీ పుస్తకంలో చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తోలుని ఎన్నాళ్ళు ఊనాలో, ఎప్పుడు తిరగెయ్యాలో, ఏ వాసనొస్తే తీయాలో తెలిసిన మనిషిని ‘అంటరానోడు’ అన్నారు. అదే తోలు గురించి ఇంగ్లీషులో రాసినవాణ్ణి ప్రొఫెసరన్నారు. ఆవు చచ్చి మా చేతికొస్తే కులం. ఆవు చచ్చి సీసాలో దిగుమతైతే సైన్సు.

అయితే అవమానాలన్నీ ఇట్టా తలుపుకి అంటించినట్టు ఉండవు. చాలావరకు కాలం రూపంలో ఉంటాయి. ఆ రోజుల్లో డీఎన్ఏని గుర్తుపట్టడానికి రేడియోధార్మిక ఫాస్ఫరస్ వాడేవాళ్ళం, ఫాస్ఫరస్ 32. దాని లక్షణమేందంటే 14 రోజులకి అది సగమైపోతుంది, ఇంకో 14 రోజులకి సగంలో సగం. సంస్థకి అది వచ్చినరోజు ఎవరి చేతికి ముందుపడితే వాళ్ళ ప్రయోగం మెరుస్తుంది. స్టోర్సులో లిస్టుండేది. నా పేరు లిస్టులో పైన ఉన్నా సీసా నా బల్ల మీదికి మూడో వారంలో వచ్చేది. “వాళ్ళది అర్జెంటు పేపరు” అనేవాళ్ళు. సగం చచ్చిన ఫాస్ఫరస్‌తో జెల్ నడిపి, ఎక్స్‌రే ఫిల్ము పెట్టి, చీకటి గదిలో కడిగితే గీతలు మసగ్గా పడతాయి. సెమినార్‌లో ఆ మసక గీతలు తెరమీద పెట్టినప్పుడు ముందు వరసలోంచి ఒక గొంతు లేస్తుంది: “చెయ్యి ఇంకా తిరగలేదు.” చేతికేం రోగం? ఏ తేదీన ఏ సీసా ఎవరికిచ్చారో రిజిస్టరు చూడండి అన్నాను. రిజిస్టరు చూడలేదు. రాగద్వేషాల్లేకుండా కొలుస్తామనే మనుషులు ఆ ఒక్కటీ కొలవలేదు. తర్వాత మూడేళ్ళు నా సీసాల తేదీలన్నీ నేనే నోటుబుక్కులో రాసిపెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక్కడ డీఎన్ఏ మరమ్మతులో ఇంకో పద్ధతి చెప్పాలి. మిస్‌మ్యాచ్ రిపేర్. దీన్ని విడమర్చి చూపించినందుకే పాల్ మోడ్రిచ్‌కి 2015లో నోబెల్ ఇచ్చారు, లిండాల్‌తోనూ అజీజ్ సాన్‌జార్‌తోనూ కలిపి. బ్యాక్టీరియాలో తాడుకి నకలు తీసేటప్పుడు ఒక్కోసారి అక్షరం జత కుదరదు. అప్పుడు రెండు పోగుల్లో ఏది తప్పు? దేన్ని కొయ్యాలి? పాతపోగు మీద మిథైల్ అనే గుర్తులుంటాయి. కొత్తపోగు మీద ఇంకా పడి ఉండవు. గుర్తులేని పోగునే తప్పు కింద జమకట్టి దాన్నే కోస్తుంది ఎంజైము. కణంలో అది న్యాయమే, నకలులోనే తప్పు దొర్లుతుంది కాబట్టి. మా సంస్థలు కూడా సరిగ్గా ఈ పద్ధతే నడుపుతాయి. జత కుదరలేదంటే పాతవాళ్ళది ఎప్పుడూ తప్పు కాదు. తాత ప్రొఫెసరు, మేనమామ డైరెక్టరు, ఇంటిపేరు మీదే మిథైల్ గుర్తులు. కొత్తగా వచ్చినదాని ఒంటిమీద ఏ గుర్తూ లేదు, కొయ్యండి! తేడా ఒకటే. బ్యాక్టీరియా కాసేపటికి కొత్తపోగు మీద కూడా గుర్తులు వేసి దాన్ని తనలో కలుపుకుంటుంది. మా సంస్థలు పాతికేళ్ళయినా వెయ్యవు.

సాన్‌జార్ పేరు చెప్పాను. ఆయన టర్కీలో సావూర్ అనే చిన్న ఊళ్ళో 1946లో పుట్టాడు. తల్లిదండ్రులకి చదువు లేదు. అమెరికాలో పీహెచ్‌డీ చేశాక కూడా పోస్ట్‌డాక్ చోటు ఎక్కడా దొరక్క యేల్ యూనివర్సిటీలో టెక్నీషియనుగా చేరాడు. నోబెల్ వచ్చిన వారం మా కారిడార్లలో ఈ కథే. “చదువురాని తల్లిదండ్రుల కొడుకు చూడండి!” అని మెచ్చుకున్నారు. చదువురాని తల్లిదండ్రుల కూతురు పదడుగుల దూరంలోనే నిలబడి ఉంది. టర్కీలో పుడితే స్ఫూర్తి, మా పేటలో పుడితే కోటా.

నాలుగు నెల్లయినా తిరక్కముందే, 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. సైన్సు రచయిత కావాలనుకున్న గుంటూరు పిల్లగాడు. మా కారిడార్లలో ఆ వారం కథలేమీ లేవు.

నా పాతికేళ్ళలో నేను రోజూ పలకరించిన మనిషి ఒకామె ఉంది. హెన్రియెట్టా ల్యాక్స్. అమెరికా నల్లజాతి స్త్రీ, పొగాకు చేలల్లో పనిచేసిన కుటుంబం. 1951లో బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వారం క్యాన్సరుకి వైద్యానికొచ్చింది. ఆమెను అడక్కుండా ఆ కణితి ముక్క తీశారు. ఆ కణాలు సీసాలో చావకుండా పెరిగాయి. హీలా కణాలని పేరెట్టి ప్రపంచమంతా పంచారు. ఆమె మాత్రం అదే ఏడు అక్టోబరు 4న 31 ఏళ్ళకే పోయింది. ఆ కణాలు బతికున్నాయని ఇంట్లోవాళ్ళకి ఇరవయ్యేళ్ళకు గానీ తెలియలేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక పెద్ద కంపెనీ ఆ కుటుంబంతో రాజీకొచ్చింది 2023లో. డెబ్భై రెండేళ్ళకి! డీఎన్ఏ మరమ్మతు ఎట్టా జరుగుతుందో గాజుగొట్టంలో చూపించడానికి వాడిన రసాల్లో హీలా కణాల రసం ఒకటి. నా థీసిస్ అంతా ఆమె ఒంట్లోంచే వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు రాస్తే మా గైడు కొట్టేశాడు, “కణాలకి ఎవరైనా థ్యాంక్స్ చెప్తారా?” అని. నేను మళ్ళీ రాశాను. ఆయన మళ్ళీ కొట్టేశాడు. బైండింగుకిచ్చే ముందురోజు రాత్రి నేనే టైపు కొట్టించి పెట్టాను. ఆ థీసిస్ ఆ లైబ్రరీలోనే ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు.

మెరిట్ అంటారు. మెరిట్ మాట చట్టంలోకి ఎట్టా ఎక్కిందో చూడండి. కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశాలకి రిజర్వేషన్ చట్టం 2006లో వచ్చింది. దాని చివర ఒక జాబితా తగిలించారు. ఈ సంస్థలకి చట్టం వర్తించదని. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూటూ దాని కింది సంస్థలూ, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బెంగళూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, మానేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, అహ్మదాబాదులో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ, ఇంకొన్ని. 2019లో అధ్యాపక ఉద్యోగాల రిజర్వేషన్ చట్టంలో కూడా ఇట్టాంటి మినహాయింపే. కారణం? శ్రేష్ఠమైన సంస్థలట. శ్రేష్ఠతకీ మాకూ మధ్య పార్లమెంటే గోడ కట్టింది. ఊరికీ పేటకీ మధ్య ఉండే డొంకని గజెట్‌లో అచ్చేశారు. జిల్లాకో ధర్నా చేసే మన సంఘాలు ఈ జాబితా మీద ఎన్ని ధర్నాలు చేశాయి? టీచరు పోస్టు, వీఆర్వో పోస్టు కోసం కొట్లాడాం, కొట్లాడాల్సిందే. బ్రెయిన్ రీసెర్చ్ కూడా మన పోస్టే అని ఎవరన్నారు?

ఇప్పుడు మనవాళ్ళతో తగాదా.

మన మీటింగుల్లో 2001 నాటి ఆ వ్యాసం జెరాక్సు కాపీలు చేతులు మారుతుంటాయి. “సైన్సే చెప్పింది, బ్రాహ్మలు విదేశీయులు, మనం మూలవాసులం, డీఎన్ఏ రుజువు చేసింది” అని ఉపన్యాసాలు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టి “చెప్పక్కా, నువ్వు సైంటిస్టువి గదా” అంటారు. నేను చెప్పేది వాళ్ళకి నచ్చదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆ వ్యాసం చెప్పిందేమిటి? పై కులాల మగవాళ్ళ వై క్రోమోజోము యూరపు వాళ్ళదానికి కొంచెం దగ్గర, కింది కులాలది కొంచెం దూరం. తల్లుల నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ అన్ని కులాల్లోనూ ఎక్కువగా ఆసియాదే. 2009 వ్యాసం ఇంకా ముందుకెళ్ళి, ఆ నమూనాల్లో పాతకాలపు రెండు జనాల కలగలుపు అన్ని కులాల్లోనూ ఉందనీ, పాళ్ళల్లోనే తేడా అనీ చెప్పింది. మాదిగలోనూ ఆ రెండూ ఉన్నాయి, బ్రాహ్మడిలోనూ ఆ రెండూ ఉన్నాయి. 2013లో 73 సమూహాల డీఎన్ఏ చూసి, ఈ కలయిక సుమారు 4,200 ఏళ్ళ కిందటి నుంచి 1,900 ఏళ్ళ కిందటిదాకా జోరుగా జరిగిందనీ, ఆ తర్వాత ఆగిపోయిందనీ తేల్చారు. అదీ మనం పట్టుకోవాల్సిన మాట. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారన్నది కాదు. కలిసినవాళ్ళని ఎవడు విడదీశాడన్నది. ఎవడో తలుపేశాడు. తలుపేసింది జన్యువు కాదు.

1916లో కొలంబియా యూనివర్సిటీలో ఒక సెమినారులో పాతికేళ్ళ అంబేద్కర్ చదివిన పత్రం తీసి చూడండి. కులానికి కీలకం కులంలోపలి పెళ్ళి అని తేల్చింది అందులోనే. ఆయన దగ్గర జెల్ లేదు, సీక్వెన్సరు లేదు. 1948లో ‘అంటరానివాళ్ళు’ పుస్తకంలో, రిస్లే మొదలుపెట్టిన ముక్కు కొలతల శాస్త్రం జాతి సిద్ధాంతాన్ని నిలబెట్టలేదని, ఆ కొలతల లెక్కలతోనే దాన్ని తిప్పికొట్టాడు. బాబాసాహెబ్ పారేసిన ముక్కు కొలబద్దని మనం డీఎన్ఏ పేరుతో మళ్ళీ ఏరుకుంటున్నామా? మన హక్కు మన నెత్తురులో ఉందంటే, రేపు ఇంకో వ్యాసం వచ్చి ఆ నెత్తురు లెక్క మార్చేస్తే మన హక్కు మారిపోతుందా? మా అమ్మ మిరపచేలో కూలి సగానికి సగం తీసుకుంది మైటోకాండ్రియా వల్ల కాదు.

అటుపక్కవాళ్ళ మాట కూడా వినండి. 2021 జూలైలో ఆరెస్సెస్ సర్‌సంఘ్‌చాలక్ మోహన్ భాగవత్ భారతీయులందరి డీఎన్ఏ ఒకటేనన్నాడు. బాగుంది. లోకంలో ఏ ఇద్దరు మనుషుల్ని పక్కన నిలబెట్టినా వెయ్యి అక్షరాలకి ఒక్క అక్షరం తేడా, భారతీయులే కానక్కర్లేదు. మరి ఒకటే అయినప్పుడు ఊళ్ళో రెండు శ్మశానాలు దేనికి? ఒకటే డీఎన్ఏ అనేవాడు పిల్లనిస్తాడా? మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న పైకులం పిల్లని పెళ్ళాడిన దళిత యువకుణ్ణి, కడుపుతో ఉన్న భార్య కళ్ళముందే నరికి చంపించినప్పుడు ఈ ఒకటే డీఎన్ఏ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇప్పుడు తీయండి. తలుపేసుకుని లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకుంటే చెడ్డ కాపీలు జతకూడే అవకాశం పెరుగుతుంది. తెలుగు వైశ్యుల్నే చూడండి. లక్షల జనం. వేల ఏళ్ళుగా బయటి నెత్తురు దాదాపు కలవని కులమని డీఎన్ఏ చెప్తోంది. వాళ్ళల్లో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువ. ఆపరేషనప్పుడు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు వాళ్ళకి దిగదు, ఊపిరి తీసుకోవడం ఆలస్యమవుతుంది. దీన్ని చూసి నేను నవ్వడం లేదు, జబ్బుపడ్డవాడు ఎవడైనా నాకు రోగే. మన కులాల్లోనూ మేనరికాలున్నాయి, మన పిల్లల్లోనూ ఇట్టాంటి జబ్బులున్నాయి, వాటిని వెతికే డబ్బుగానీ ల్యాబుగానీ మన పేటదాకా రాలేదు. కులం ‘శుద్ధి’ అనేవాళ్ళకి కణం చెప్పే జవాబు మాత్రం ఇది.

ఇంకొకటుంది, ఇది ఆడదానిగా చెప్పాలి. 1998లో ‘నేచర్’లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. స్త్రీల జన్యు ప్రవాహం వల్ల హిందూ కులాల్లో అంతరాలు ఏర్పడ్డాయని. సారాంశం: మగవాళ్ళు కులం దాటలేదు, ఆడవాళ్ళు కిందినుంచి పైకి కదిలారు. ‘చలనశీలత’ అని పేరు. చదివి పుస్తకం మూసేశాను. పైకి కదిలిందట! ఎవరు కదిలారు, ఎవరు కదిపారు? ఇష్టపడి పోయిందా, ఎత్తుకుపోయారా? తెల్లారాక ఆమెని ఏ పేరుతో పిలిచారు? జోగినీ వ్యవస్థని నిషేధించడానికి ఆంధ్రప్రదేశ్‌కి 1988లో ఒక చట్టం కావాల్సొచ్చింది. మైటోకాండ్రియాలో ఆమె గుర్తు మిగిలింది, ఆమె ఏడుపు మిగల్లేదు. ఆ వ్యాసం తప్పని నేననడం లేదు. లెక్క లెక్కే. కానీ ఆ లెక్కకి పేరు పెట్టే బల్ల దగ్గర మా పేటదొకతి కూర్చుని ఉంటే ఆ మాట అచ్చయ్యేది కాదు. సంస్థల్లో మేం కావాలనేది ఇందుకు. జీతం కోసం కూడా, ఎందుకు దాచాలి? జీతం కోసమూ, మాట కోసమూ.

మళ్ళీ వస్తారు. ఈమధ్య జీనోముల లెక్కలు పెద్ద ఎత్తున సాగుతున్నాయి, పేటపేటకీ నెత్తురు కోసం రావడం ఆగదు. వచ్చినప్పుడు తరిమెయ్యమని నేను చెప్పను, మన పిల్లల జబ్బుల మందు కూడా ఆ నెత్తురులోనే దొరకొచ్చు. చెయ్యి చాపే ముందు అడగండి. ఈ సీసా ఏ ఊళ్ళో, ఎవరి ఫ్రీజరులో పెడతారు, ఎన్నేళ్ళు? దీన్నుంచి పుట్టిన కణాలు ఎవరైనా అమ్ముకుంటే మాకేంటి? ఫలితం మాకు తెలుగులో చెప్పడానికి ఏ తేదీన వస్తారు? మీ ల్యాబులో శాశ్వత ఉద్యోగంలో ఉన్న మాల ఎందరు, మాదిగ ఎందరు, రెల్లి ఎందరు, ఎరుకల, యానాది ఎందరు? ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే చొక్కా చెయ్యి పైకి మడవండి.